మానసిక వైద్యంలో సాంస్కృతిక స్పృహ: బ్లిదా, ఆరో, అమృత్‌సర్ అనుభవాలు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మానసిక చికిత్స రోగి భాషను, బంధుత్వాలను, విశ్వాసాలను పరిగణనలోకి తీసుకోవాలన్న ఆలోచనను ఇటీవలి కాలపు ఆదర్శంగా భావించడం పరిపాటి. ఈ ఆలోచన 1950వ దశకంలోనే మూడు వేర్వేరు దేశాల్లో ఆచరణరూపం పొందిందని ఈ వ్యాసం చూపుతుంది. అల్జీరియాలో ఫ్రాంజ్ ఫానన్, నైజీరియాలో థామస్ అదియోయే లాంబో, పంజాబులో విద్యాసాగర్ చేసిన ప్రయోగాలు ఇందుకు ప్రధాన ఆధారాలు. సంస్కృతి పట్ల గౌరవం ఒక్కటే చాలదని, రోగి మాటకు విలువ దక్కినప్పుడే ఆ గౌరవానికి అర్థం ఉంటుందని ఎర్వాడి దుర్ఘటన, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాల నేపథ్యంలో ప్రతిపాదిస్తుంది. ఈ చర్చలో తెలుగు భాషా పరిశోధకుల బాధ్యతను గుర్తుచేస్తుంది.

కీలక పదాలు: మానసిక వైద్య చరిత్ర, సాంస్కృతిక స్పృహ, వలసపాలన, కుటుంబ వార్డు, బాధను తెలిపే తెలుగు పదజాలం.

1. ఉపోద్ఘాతం:

“హాస్టల్లో చేర్చాక పిల్లవాడు బెంగ పెట్టుకున్నాడు” అంటే తెలుగువారికి వివరణ అక్కరలేదు. ఇంటిమీద ధ్యాస, అన్నం సయించకపోవడం, ఒళ్లు వెచ్చబడటం – ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. శరీరం వేరు, మనసు వేరు అన్న విభజన అందులో లేదు. బాధతోపాటు దాని విరుగుడునూ ఆ మాటే సూచిస్తుంది: పిల్లవాణ్ని ఒకసారి ఇంటికి తీసుకురావాలి. అదే పిల్లవాణ్ని వైద్యుని ముందు కూర్చోబెట్టి, మరో భాషలో తయారై అనువాదమైన ప్రశ్నావళిని చదివి వినిపిస్తే, ఈ బెంగ ఏ గడిలో చేరుతుంది? నిద్రలేమి ఒక గడిలో, ఆకలి మందగించడం మరొక గడిలో నమోదవుతాయి. రెండింటినీ కలిపిన ‘ఇల్లు’ మాత్రం ఎక్కడా నమోదు కాదు.

మానసిక వైద్యంలో సాంస్కృతిక స్పృహ అన్నది ఈ జారిపోయే అంశానికి సంబంధించినది. రోగి తన బాధను ఏ మాటలతో చెప్పుకుంటున్నాడు, దానికి ఏ కారణాన్ని నమ్ముతున్నాడు, ఎవరి సమక్షంలో మాట్లాడగలడు, ఎవరి ఎదుట నోరు మెదపలేడు అన్న విషయాలను చికిత్సలో భాగంగా గుర్తించడమే ఆ స్పృహ. అమెరికన్ మనోవైద్య సంఘం తన రోగనిర్ధారణ గ్రంథంలో సాంస్కృతిక అంశాలను నమోదు చేసే పద్ధతిని 1994లో చేర్చింది. 2013 నాటి ఐదవ కూర్పులో అది ఒక ఇంటర్వ్యూ పద్ధతిగా రూపొందింది. ఈ తేదీల వల్లనే ఇది కొత్త ఆలోచన అన్న అభిప్రాయం కలుగుతుంది. దీని అసలు చరిత్ర అంతకు నాలుగు దశాబ్దాల వెనుక, వలసపాలన ముగుస్తున్న దేశాల ఆసుపత్రుల్లో ఉంది.

2. వలసపాలన నాటి చికిత్సాలయాలు:

మన దేశంలో పిచ్చాసుపత్రి ఈస్టిండియా కంపెనీతో వచ్చింది. మద్రాసులో 1794లో ఒక చికిత్సాలయం ఏర్పడింది. కిల్పాక్‌లోని ఆసుపత్రి 1871 నుంచి పనిచేస్తోంది. తెలుగు జిల్లాలు అధికంగా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండటం వల్ల అక్కడి విధానాలే ఈ ప్రాంతానికీ వర్తించాయి. 1858 నాటి 36వ చట్టం, తరువాత 1912 నాటి చట్టం ఈ సంస్థలకు రూపం ఇచ్చాయి. చికిత్స కన్నా నిర్బంధం, రోగి శ్రేయస్సు కన్నా సమాజ భద్రత ఈ చట్టాల్లో ప్రధానంగా కనిపిస్తాయి.

ఆనాటి రికార్డుల్లో రోగి మాటకు ఉన్న స్థానాన్ని తెలుసుకోవడానికి గంజాయి వ్యవహారం మంచి ఉదాహరణ. ఆసుపత్రి నివేదికల్లో ఉన్మాదానికి కారణంగా ‘గంజాయి’ అన్న మాట తరచుగా కనిపించేది. 1893–94లో పనిచేసిన భారత గంజాయి విచారణ సంఘం ఆ నమోదులను తిరిగి పరిశీలించి, వాటిలో చాలావాటికి సరైన ఆధారం లేదని తేల్చింది. రోగిని పట్టి తెచ్చిన పోలీసులు ఏదో ఒక కారణం రాయవలసివచ్చి రాసినదే ఆసుపత్రి రిజిస్టరులోకి ఎక్కేది. ఆ రిజిస్టరు నుంచి వార్షిక నివేదికలోకి, నివేదిక నుంచి శాస్త్రంలోకి అదే ప్రయాణించేది. ఈ వరుసలో ఎక్కడా రోగి మాటలు లేవు.

జాతిభేదం ఈ వ్యవస్థకు మరో పునాది. రాంచీలో యూరోపియన్ల కోసం 1918లో ఒక ఆసుపత్రి ప్రారంభం కాగా, భారతీయుల కోసం 1925లో వేరొకటి మొదలైంది. ఈ సంస్థలు ప్రజల మనసుల్లో మిగిల్చిన ముద్ర నేటికీ భాషలో కనిపిస్తుంది. హిందీలో రాంచీ, ఆగ్రా; తమిళంలో కిల్పాక్; హైదరాబాదు తెలుగులో ఎర్రగడ్డ – ఈ ఊళ్ల పేర్లే ఎగతాళి మాటలయ్యాయి. చికిత్స కోసం వెళ్లవలసిన చోటు పేరు తిట్టుగా మారిన భాషలో, చికిత్స కోరడమే సాహసం అవుతుంది.

3. బ్లిదా: వైఫల్యం నేర్పిన పాఠం:

ఫ్రెంచి వలసద్వీపం మార్టినీక్‌లో 1925లో పుట్టిన ఫ్రాంజ్ ఫానన్ 1953లో అల్జీరియాలోని బ్లిదా-జ్వాన్‌విల్ ఆసుపత్రిలో వైద్యునిగా చేరాడు. అంతకుముందు ఫ్రాన్సులోని సాంతాల్‌బాన్‌లో ఫ్రాన్స్వా తోస్కెల్ వద్ద సామాజిక చికిత్స నేర్చుకున్నాడు. ఆసుపత్రిని ఒక చిన్న సమాజంగా మలచి, సమావేశాలు, వేడుకలు, పత్రిక, చేతిపనుల ద్వారా రోగులను తిరిగి మానవ సంబంధాల్లోకి తీసుకురావడం ఆ పద్ధతి.

బ్లిదాలో ఆయన ఆధీనంలో యూరోపియన్ స్త్రీల వార్డు, ముస్లిం పురుషుల వార్డులు ఉండేవి. ఒకే పద్ధతిని రెండింటా అమలుచేశాడు. స్త్రీల వార్డులో త్వరలోనే వాతావరణం మారింది. పురుషుల వార్డుల్లో ఏమీ జరగలేదు. సమావేశాలకు వచ్చినవారు మాట్లాడలేదు. బుట్టల అల్లిక మొదలుపెడితే ఆసక్తి చూపలేదు. అల్జీర్స్ మనోవైద్య సంప్రదాయంలో దీనికి సిద్ధంగా ఉన్న సమాధానం ఒకటే: ఉత్తరాఫ్రికా వాసి మనసే అభివృద్ధి చెందనిది. ఫానన్, ఆయన సహచరుడు జాక్ అజూలే ఆ సమాధానాన్ని తిరస్కరించారు. 1954లో ప్రచురించిన వ్యాసంలో వారు వైఫల్యాన్ని రోగులపై కాక తమపైనే మోపుకున్నారు.

వారి ఆత్మవిమర్శలో మూడు అంశాలు ముఖ్యమైనవి. మొదటిది భాష. వైద్యునికి అరబ్బీ రాదు. దుబాసీ ద్వారా సంభాషణ జరుగుతుంది. అల్జీరియా రైతుకు దుబాసీ అంటే కోర్టు, పోలీసు, కచేరీ. అదే మనిషి మంచం పక్కన నిలబడితే రోగికి అది వైద్యంగా తోచదు, విచారణగా తోస్తుంది. రెండవది పని. అక్కడి పురుషుల దృష్టిలో అల్లిక ఆడవారి పని. వారిలో చాలామంది సేద్యం ఎరిగినవారు. మూడవది కలయిక. కుర్చీలు వేసుకుని ఎజెండా ప్రకారం మాట్లాడే సభ వారి జీవితంలో లేదు. కాఫీ దుకాణం ఉంది, పండుగ ఉంది, ఊరూరా తిరిగే కథకుడు ఉన్నాడు. దీంతో వార్డులో స్థానిక పద్ధతి కాఫీ దుకాణం వెలిసింది, ముస్లిం పండుగలు జరిగాయి, కథకుడు వచ్చాడు, తోటపని మొదలైంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఫానన్ ప్రాచీన సంప్రదాయాల ఆరాధకుడు కాడు. ఒక పద్ధతి తనంతట తాను సార్వత్రికం కాదని, దాని లోపల ఒక ప్రత్యేక సమాజం దాగి ఉంటుందని గుర్తించడమే ఆయన సాధించినది. అయితే వార్డు బయట వలసపాలన కొనసాగుతుండగా వార్డు లోపల మనిషిని స్వస్థపరచడం సాధ్యమా అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. 1956లో ఉద్యోగానికి రాజీనామా చేశాడు.

4. ఆరో: ఊరే ఆసుపత్రి:

థామస్ అదియోయే లాంబో 1923లో నైజీరియాలోని అబెయోకుటాలో జన్మించి, బ్రిటన్‌లో వైద్యవిద్య పూర్తిచేసి స్వదేశానికి తిరిగివచ్చాడు. ఆరో మానసిక ఆసుపత్రి బాధ్యత చేపట్టేనాటికి భవనాల నిర్మాణం పూర్తి కాలేదు. ఆ కొరతనే ఆయన ఒక పద్ధతిగా మార్చాడు. 1954 నుంచి రోగులను చుట్టుపక్కల పల్లెల్లోని ఇళ్లలో ఉంచే ఏర్పాటు చేశాడు. ప్రతి రోగి వెంట కనీసం ఒక బంధువు ఉండాలి. బంధువు వండిపెడతాడు, కనిపెట్టుకుని ఉంటాడు. పగలు రోగి ఆసుపత్రికి వచ్చి చికిత్స పొందుతాడు. సాయంత్రానికి పల్లె చేరుకుంటాడు.

లాంబో ఆధునిక వైద్యాన్ని వదిలిపెట్టలేదు. మందులు, విద్యుత్ చికిత్స ఆరోలోనూ ఉన్నాయి. వాటితోపాటు సంప్రదాయ వైద్యుల సహకారాన్ని ఆహ్వానించాడు. యొరూబా ప్రజలు అస్వస్థతకు చెప్పుకునే కారణాలు వారికి తెలుసు. రోగి ఊళ్లో, ఇంట్లో ఏ సంబంధం చెడిందో అడగగల అధికారం వారికి ఉంది. ఆతిథ్యమిచ్చిన పల్లెలకు కూడా ప్రతిఫలం అందింది: అద్దె ఆదాయం, నీటి సరఫరా, దోమల నివారణ వంటి సౌకర్యాలు సమకూరాయి. మానసిక రోగి ఊరికి భారం అన్న భావం ఈ లెక్కలో తలకిందులైంది. 1961లో అబెయోకుటాలో తొలి అఖిల ఆఫ్రికా మనోవైద్యుల సదస్సు జరిగింది. లాంబో తరువాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప డైరెక్టర్ జనరల్‌గా పనిచేశాడు.

5. అమృత్‌సర్: గుడారాల్లో కుటుంబాలు:

అదే దశకంలో, ఆఫ్రికా ప్రయోగాలతో సంబంధం లేకుండా, అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో మరో మార్పు జరిగింది. దేశవిభజన ఆ ఆసుపత్రిని నేరుగా తాకింది. 1950లో లాహోరు ఆసుపత్రిలోని హిందూ, సిక్కు రోగులను భారతదేశానికి, ఇక్కడి ముస్లిం రోగులను పాకిస్తానుకు మార్చారు. సాదత్ హసన్ మంటో ‘టోబా టేక్ సింగ్’ కథకు ఈ మార్పిడే వస్తువు. దేశం అంటే ఏమిటో, తమ ఊరు ఎటు పోయిందో తెలియని మనుషులు ఆసుపత్రికి చేరారు.

కిక్కిరిసిన ఆ ఆసుపత్రికి సూపరింటెండెంటుగా పనిచేసిన డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను లోపలికి రానిచ్చాడు. ఆవరణలో గుడారాలు వేయించి, బంధువులను రోగితోపాటు ఉండమన్నాడు. రోగులను, బంధువులను కలిపి కూర్చోబెట్టి మాట్లాడేవాడు. వారు ఎరిగిన పురాణగాథలు, ధార్మిక భావనల భాషలోనే జబ్బు స్వభావాన్ని, కోపాన్ని, భయాన్ని, ఓర్పును వివరించేవాడు. దీనివల్ల మూడు ప్రయోజనాలు కలిగాయి. కుటుంబానికి జబ్బుపై భయం తగ్గింది. రోగి ఇంటికి వెళ్లాక ఏంచేయాలో తెలిసింది. ఆ కుటుంబమే తన ఊళ్లో మరొకరికి చెప్పగల స్థితికి వచ్చింది. విద్యాసాగర్ రాసింది చాలా తక్కువ. ఆయన పద్ధతి ముఖ్యంగా శిష్యుల ద్వారా, చూసినవారి ద్వారా వ్యాపించింది.

ఈ పద్ధతి దక్షిణాదికీ వచ్చింది. 1957లో మొదలైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక చికిత్సా కేంద్రంలో బంధువు తోడుండటం చికిత్సలో భాగమైంది. పక్కనే ఉన్న చిత్తూరు ప్రాంతపు తెలుగువారికి ఆ కేంద్రం సుపరిచితం. బెంగళూరు జాతీయ సంస్థలోనూ తరువాత కుటుంబ వార్డు ఏర్పడింది. పాశ్చాత్య దేశాల ఆసుపత్రులు కుటుంబాన్ని గుమ్మం బయట నిలబెట్టిన కాలంలో ఇది జరగడం విశేషం. ఎదిగిన మనిషి అంటే ఎవరిపైనా ఆధారపడనివాడు అన్న భావన అక్కడి మానసిక చికిత్సలకు పునాది. భారతీయ మనోవైద్యుడు జె.ఎస్. నేకీ 1970వ దశకంలో ఈ భావనను ప్రశ్నించి, గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు ఒక నమూనాగా ప్రతిపాదించాడు. ఆధారపడటం మన సమాజంలో బలహీనత కాదని, అదొక బంధమని ఆయన వాదన సారాంశం.

6. సంస్కృతి పేరుతో సంకెల:

ఈ చరిత్రను ఇక్కడితో ముగిస్తే అది ఒక ప్రశంసాపత్రం అవుతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయంలో అగ్నిప్రమాదం జరిగి 28 మంది మానసిక రోగులు మరణించారు. వారు గొలుసులతో కట్టివేయబడి ఉండటంతో తప్పించుకోలేకపోయారు. దర్గాలో స్వస్థత దొరుకుతుందన్న నమ్మకంతో కుటుంబాలు వారిని అక్కడికి చేర్చాయి. నమ్మకం ఉంది, కుటుంబ నిర్ణయం ఉంది, సంప్రదాయం ఉంది. లేనిది రోగి సమ్మతి ఒక్కటే.

దీన్నుంచి విశ్వాసమే శత్రువు అన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. తమిళనాడులోని ముత్తుస్వామి ఆలయంలో ఆశ్రయం పొందిన 31 మందిపై జరిగిన అధ్యయనం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. సగటున ఐదు వారాల నివాసంలో వారి రోగలక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గింది. అక్కడ ప్రత్యేక చికిత్స ఏదీ లేదు; తోడుగా బంధువు ఉన్నారు, చేయడానికి తేలికపాటి పని ఉంది, ఎవరూ వెలివేయని వాతావరణం ఉంది. పోల్చిచూడటానికి వేరే బృందం లేని చిన్న అధ్యయనం కాబట్టి దీన్ని రుజువుగా కాక సూచనగా తీసుకోవాలి. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి ప్రార్థనతోపాటు మందులూ అందించే ఏర్పాటు జరిగింది. అంటే ఆలయమా ఆసుపత్రా అన్నది అసలు ప్రశ్న కాదు. రోగిని కట్టివేశారా, కూర్చోబెట్టి విన్నారా అన్నదే ప్రశ్న.

కుటుంబం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఆరో, అమృత్‌సర్ పద్ధతుల్లో కుటుంబం బలం. అయితే కోడలు నోరు తెరిచేలోపు అత్తగారు జవాబు చెప్పే ఇళ్లు మనకు తెలియనివి కావు. కులాంతర ప్రేమను ‘మతిచెడటం’గా, చదువు కోసం పట్టుబట్టడాన్ని ‘మొండితనం’గా పేర్కొనే పెద్దలూ ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రాధాన్యం ఇక్కడ తెలుస్తుంది. సమాజపు నైతిక, సాంస్కృతిక, మత విశ్వాసాలకు అనుగుణంగా నడుచుకోకపోవడాన్ని ఆధారంగా చేసుకుని మానసిక రోగాన్ని నిర్ణయించరాదని మూడవ సెక్షన్ చెబుతుంది. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని వ్యక్తి తానే ఎంచుకునే హక్కును 14వ సెక్షన్ ఇస్తుంది. గొలుసులతో బంధించడాన్ని 95వ సెక్షన్ నిషేధిస్తుంది. సమ్మతి తీసుకునే ముందు వివరాలను వ్యక్తికి అర్థమయ్యే భాషలో చెప్పాలని నిర్వచనంలోనే ఉంది. 1950వ దశకం కుటుంబాన్ని వార్డులోకి తెచ్చింది. 2017 చట్టం ఆ కుటుంబంలో ఎవరు తన పక్కన కూర్చోవాలో చెప్పే అధికారాన్ని రోగికి ఇచ్చింది.

7. తెలుగులో బాధ చెప్పుకోవడం:

చట్టం చెప్పిన ‘అర్థమయ్యే భాష’ మన సందర్భంలో ఏది? పాఠ్యగ్రంథాల్లో, పత్రికల్లో ‘కుంగుబాటు’, ‘వ్యాకులత’, ‘ఆందోళన’ వంటి పదాలు స్థిరపడుతున్నాయి. జనవ్యవహారం వేరుగా ఉంది. కోస్తాలో దిగులు, గుబులు, బెంగ. తెలంగాణలో రంది, బుగులు. అంతటా ‘దేనిమీదా మనసు పోవడం లేదు’, ‘కాళ్లూ చేతులూ ఆడటం లేదు’, ‘గుండెల్లో బరువుగా ఉంది’ వంటి పలుకుబడులు ఉన్నాయి. ఇవి పర్యాయపదాలు కావు. దిగులు రాబోయేదాని గురించి కావచ్చు; బెంగ దూరమైనదాని గురించి. రంది లోలోపల మనిషిని తినేస్తుంది. బుగులులో భయం ప్రధానం. ‘పానం మంచిగ లేదు’ అన్న మాటలో దేహమూ ప్రాణమూ ఒకటే. వీటన్నిటినీ ఒక్క ‘కుంగుబాటు’ కింద చేర్చితే లెక్క సులువవుతుంది, మనిషి జారిపోతాడు.

పూనకం మరో ఉదాహరణ. బోనాల వేళ పూనకం వచ్చిన స్త్రీని సమాజం రోగిగా చూడదు. మొక్కుతుంది, ఆమె మాట వింటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదవ రోగవర్గీకరణ కూడా మతపరంగా, సాంస్కృతికంగా ఆమోదం పొందిన ఆవేశస్థితులను రోగంగా పరిగణించలేదు. అదే స్థితి పండుగ దాటి, ఆమె కోరకుండా, రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తుంటే అది సాయం అవసరమైన బాధ. ఈ రెంటినీ వేరుచేయడానికి వైద్యశాస్త్రంతోపాటు ఆ ఊరి ఆచారం తెలియాలి. అంతకన్నా ముందు, ఆమెనే అడగాలి.

మనవైపు చూసుకోవలసిన అద్దం మరొకటి ఉంది. మన్యంలోని కోయ, సవర, గోండు కుటుంబాలకు తెలుగే కచేరీ భాష. అక్కడి ఆరోగ్య కేంద్రంలో తెలుగు మాట్లాడే వైద్యుడు, మధ్యలో దుబాసీ ఉన్నప్పుడు బ్లిదా వార్డులోని దృశ్యమే పునరావృతమవుతుంది. ‘స్థానిక భాషలో వైద్యం’ అన్న మన నినాదం తెలుగు దగ్గరే ఆగిపోరాదు.

2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. రోగాన్నిబట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే తేల్చింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి-మానస్ సేవ 14416 నంబరు ద్వారా తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో అందుతోంది. ఫోను ఎత్తే వ్యక్తికి తెలుగు వస్తే మొదటి మెట్టు ఎక్కినట్టే. అవతలివారు ‘రంది’ అన్నప్పుడు దాన్ని ‘స్ట్రెస్’గా రాసుకుని ముందుకు సాగకుండా, “ఎవరి రంది? ఎన్నాళ్లనుంచి?” అని అడగగలగడం రెండో మెట్టు.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

• సాంస్కృతిక స్పృహ సంప్రదాయంపై మోజుతో పుట్టలేదు. బ్లిదాలో వైఫల్యం, ఆరోలో భవనాల కొరత, అమృత్‌సర్‌లో రద్దీ దానికి దారితీశాయి. తమ పద్ధతిలో లోపం ఉందని ఒప్పుకోవడమే మూడు చోట్లా తొలి అడుగు.

• సంస్కృతి అంటే వార్డు గోడపై దేవుడి పటం కాదు. భాష, పని, కలయిక పద్ధతి, తోడుండే మనిషి – ఇవే చికిత్సను మార్చాయి.

• సంస్కృతి, కుటుంబం రోగి గొంతును నొక్కే సాధనాలూ కాగలవు. అందువల్ల సముదాయ విశ్వాసాన్ని గౌరవించడం ఎంత అవసరమో, ఆ సముదాయంలో విడిగా నిలబడిన వ్యక్తి మాట వినడమూ అంతే అవసరం.

• బాధను తెలిపే మాండలిక పదాల సేకరణ, వాటి అర్థభేదాల నిర్ణయం, వాడుక సందర్భాల నమోదు తెలుగు శాఖలు చేయదగిన, చేయవలసిన పని. ఇప్పటివరకు మాండలిక పదకోశాల్లో వృత్తిపదాలకు దక్కిన శ్రద్ధ ఈ పదాలకూ దక్కాలి. వైద్య కళాశాలలతో కలిసి చేస్తే ఈ పని నిఘంటువును దాటి ఆసుపత్రిదాకా చేరుతుంది.

తరగతి గది చివరి బెంచీలో కూర్చున్న విద్యార్థి “మనసు బాగోలేదు సార్” అన్నప్పుడు, ఆ మాట ముందుగా చేరేది వైద్యుణ్ని కాదు, అధ్యాపకుణ్ని. అతన్ని చికిత్సించడం అధ్యాపకుని పని కాదు. ఆ వాక్యాన్ని పూర్తిగా వినడం, సరైన చోటికి అతనితోపాటు నడవడం మాత్రం అధ్యాపకుడు చేయగల పని.